నంజుకునేవి లెక్కలోకి రావు

ఆ ఇంట్లో చదవడానికి తెలుగు అక్షరం లేదు. సూట్‌కేసులో తెచ్చుకున్న రెండు నవలలూ మొదటి పది రోజుల్లోనే రెండేసి సార్లు అయిపోయాయి. ఆ తర్వాత నేను మా వదిన ఫ్రిజ్ చదవడం మొదలుపెట్టాను.

రెండువేల పద్నాలుగులో నా డిగ్రీ అయింది. ఇక్కడికి వచ్చి ఉద్యోగం వెతుక్కోమని మా అన్నయ్య మూడు నెలల విజిట్ వీసా మీద నన్ను షార్జా పిలిపించాడు. ఒకే పడగ్గది ఉన్న ఫ్లాటు. హాల్లో సోఫా నా మంచం. అన్నయ్య తెల్లవారుతూనే కంపెనీ బస్సెక్కి జెబెల్ అలీ వెళ్ళిపోయేవాడు. వదిన ఎనిమిదింటికి దుబాయ్‌లో తన ఆఫీసుకు బయల్దేరేది. ఇంటర్వ్యూకి రమ్మని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు గొంతు పెగిలేది కాదు. అవతలివాళ్ళు రెండుసార్లు హలో అని పెట్టేసేవాళ్ళు. కాబట్టి పగలంతా ఇంట్లో నేనూ, ఆ ఫ్రిజ్జూ.

దాన్నిండా ప్యాకెట్లే. అల్లం వెల్లుల్లి ముద్ద సీసాలో అల్లం వాసనా లేదు, వెల్లుల్లి వాసనా లేదు. మూత తీయగానే వెనిగర్ ముక్కు పట్టుకునేది. చింతపండు గుజ్జు నల్లగా తారులా ఉండేది, దానితో పెట్టిన చారు దగ్గుమందులా ఉండేది. ఫ్రీజర్‌లోని మునక్కాడలు ఎంత ఉడికించినా చెక్కపేళ్ళే. ఇడ్లీ పిండి ప్యాకెట్ పులిసి దిండులా ఉబ్బేది, ఇడ్లీ మాత్రం ఉబ్బేది కాదు. పరాటాల సంగతి ఎత్తకపోవడమే నయం. ఆ పొరల మధ్య ఉన్నది గోధుమా మైదా కాదు, గడ్డకట్టిన నూనె. ఒక్క కొబ్బరి తురుము ప్యాకెట్ మీదే నాకు కోపం రాలేదు. దాని వెనక పదార్థాలు అన్నచోట కొబ్బరి అని ఒకటే మాట ఉంది.

ప్యాకెట్ల వెనకవైపు ఇంగ్లీషు అక్షరాల మీద అరబిక్ కాగితం అంటించి ఉండేది. నేను గోటితో దాన్ని మెల్లగా లేపి కింద ఏముందో చదివేదాన్ని. చదివింది డైరీలో ఎక్కించేదాన్ని. ఒక సాయంత్రం ఉండబట్టలేక వదినకు కూడా చెప్పాను.

“వదినా, వీటి మీద ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలంట. ఈ సాంబారు పొడిలో మొదటి పేరు ధనియాలు కాదు, ఉప్పు.”

మా వదిన హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. “ఉప్పు లేకుంటే సాంబార్ ఎట్లుంటది తల్లీ? ఎనిమిది గంటలు ఆఫీసుల జేసి, రెండు గంటలు ట్రాఫిక్‌ల కూసొని వచ్చినంక ధనియాలు ఎవలు వేయించాలె? నువ్వు వేయిస్తవా?”

నేను వెళ్ళి డైరీ తెరిచాను. అందులో చాలా అన్నాను.

ఆ శుక్రవారమే అన్నయ్యకు తల తిరిగినట్టయింది. ముగ్గురం కారులో దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్ళాం. కేరళ డాక్టరమ్మ, మాతో హిందీలో మాట్లాడేది. రెండు చేతులకూ మార్చి మార్చి పట్టీ కట్టి చూసింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది.

“నమక్ కమ్ కరో. అచార్ ఖాతే హో?” అంది. ఉప్పు తగ్గించు, పచ్చడి తింటావా అని.

“థోడా డాక్టర్, బస్ థోడా,” అని అన్నయ్య బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆవగింజంత సందు పెట్టి చూపించాడు. పక్కనే ఉన్న నాకు ఆ సందు నిజమే అనిపించింది.

అన్నయ్య పని చమురు ట్యాంకుల తనిఖీ. నిచ్చెన పట్టుకుని మూడు నాలుగు అంతస్తుల ఎత్తు ఎక్కాలి. అలా ఎక్కేవాళ్ళకు కంపెనీ ఏడాదికోసారి మెడికల్ చేయిస్తుంది. ఆ ఏడాదిది సరిగ్గా ఆరు వారాల్లో ఉంది. ఆరు వారాలు తిండి మార్చి చూద్దాం, తగ్గకపోతే మాత్ర అంది డాక్టరమ్మ. మాత్ర మొదలుపెడితే బీపీ కుదురుకుందని తేలేదాకా కంపెనీ నిచ్చెన ఎక్కనివ్వదు. నిచ్చెన ఎక్కలేని మనిషితో వాళ్ళకు పని లేదు.

“అన్‌ఫిట్ అంటే ఖలాస్,” అన్నాడు అన్నయ్య తిరుగుదారిలో. “వీసా వాళ్ళదే. నెల తిరక్కుండా సామాను సర్దుకోవడమే.”

కారు వెనక సీటులోంచి నేను, ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి గట్టిగా మాట్లాడాను. “ఆ ప్యాకెట్ల వల్లే.”

వదిన వెనక్కి తిరిగి చూసింది. “అట్లనా? ఐదేండ్ల సంది నేనే తినిపిస్తున్న గద, నేనే చేసినట్టు లెక్క. సరే, రేపట్నుంచి వంట నువ్వే జెయ్యి. నాకేం, మస్తు హాయి. కాని ఆయనకేమన్న అయితే జవాబు నువ్వే చెప్పాలె.”

“అబ్బా, ఆపండే,” అన్నాడు అన్నయ్య.

మర్నాడు ఫ్రిజ్ ఖాళీ చేశాను. కొబ్బరి తురుము తప్ప అన్నీ నల్ల సంచిలోకి. ఆ తర్వాతి మూడు వారాలూ నేను వండినట్టు ఆ వంటగదిలో ఎవరూ వండి ఉండరు. ధనియాలు విడిగా, మిరియాలు విడిగా, శనగపప్పు విడిగా వేయించాను. అన్నీ ఒకేసారి మూకుడులో పోసేవాళ్ళంటే నాకు అసహ్యం, ఒకటి వేగేలోపు ఇంకొకటి మాడుతుంది. అల్లం వెల్లుల్లి ఏ పూటకాపూట దంచాను. చింతపండు వేడినీళ్ళలో నానేసి చేత్తో పిసికాను. నెలల తరబడి నిలవుండే పెట్టెపాలు పారేసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే తాజా పాలు తెప్పించి తోడు పెట్టాను. పెట్టెపాల పెరుగు జిగురుగా సాగుతుంది, గరిటె పెడితే వెంట వస్తుంది. దాన్ని పెరుగంటే నేను ఒప్పుకోను. ఏసీ గదిలో పిండి పులవదు కాబట్టి గిన్నెను బాత్‌రూమ్‌లో వేడినీళ్ళ గీజరు కింద ఉంచేదాన్ని. అక్కడ అయిదారు గంటల్లో పొంగుతుంది.

అన్నిట్లోనూ ఉప్పు సగానికి సగం తగ్గించాను. చెంచాతో కొలిచి వేశాను.

అన్నయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వంక చూశాడు. “ఏంటే ఇది? ఆస్పత్రి పప్పులా ఉంది.”

“ఉప్పు తగ్గించాలి కదా అన్నయ్యా.”

“తగ్గించు, కాదన్లేదు. నంజుకోడానికన్నా ఏదోటి పడెయ్ మరి.”

అక్కడే మొదలైంది. ఇంటినుంచి నాలుగు కవర్లలో చుట్టి తెచ్చిన ఆవకాయ సీసా తీశాను. ఇందులో రసాయనం లేదు, వెనిగర్ లేదు, ఇంటిది. నాలుగో రోజున కరివేపాకు కారం దంచాను, ఆ తర్వాత కందిపొడి. సాయంత్రం అప్పడాలు కాల్చాను, వేయించలేదు. నూనె లేదు కదా అని నాకు గర్వం కూడా. అన్నయ్య చప్పటి పప్పు అన్నాన్ని ఆవకాయతో, చప్పటి చారు అన్నాన్ని అప్పడంతో లాగించేవాడు. పెరుగన్నం దగ్గర మాత్రం ఆగి అటూ ఇటూ చూసేవాడు. చల్ల మిరపకాయలు కావాలని నోరు తెరిచి అడగలేదు. అడగకుండానే నాకు అర్థమైంది.

దుకాణంలో అమ్మే చల్ల మిరపకాయల ప్యాకెట్ ఒకసారి వదినే తెచ్చింది. అట్టముక్కల్లా ఉన్నాయి, కొరికితే కమురు వాసన. ఇవి మనుషులు తినేవి కావని నేనే ఎండబెడదామనుకున్నాను. లావుపాటి లేత పచ్చిమిరపకాయలు రెండు కిలోలు తెప్పించి గాటు పెట్టాను. పుల్లటి పెరుగు చిలికి ఉప్పేసి అందులో పోశాను. మర్నాడు బాల్కనీలో గుడ్డ పరిచి ఆరబోస్తే పది నిమిషాల్లో నాతూర్ వచ్చి తలుపు కొట్టాడు. నాతూర్ అంటే ఇక్కడ బిల్డింగ్ కాపలాదారు. బాల్కనీలో ఏదీ ఆరేయకూడదట, బలదియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ వాళ్ళు, చూస్తే ఊరుకోరట. తలూపి గుడ్డ మూటగట్టుకుని లోపలికి వచ్చేశాను. అప్పుడు కిటికీలోంచి ఎదురుగా ఇసుక మైదానంలో అన్నయ్య కారు కనిపించింది. ఆయన వెళ్ళేది కంపెనీ బస్సులో, వదిన వెళ్ళేది ఆఫీసు వ్యాన్‌లో. కారు వారమంతా ఆ ఎండలో ఊరికే పడి ఉంటుంది.

డాష్‌బోర్డు మీద, వెనక అద్దం కింద పాత పంచె చింపి పరిచి మిరపకాయలు సర్దాను. అద్దాలు మూసేశాను. మధ్యాహ్నం తలుపు తీస్తే పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. మన ఊళ్ళో నాలుగు ఎండలు పట్టేది ఇక్కడ రెండింటిలో అయిపోయింది. పగలు కారులో, సాయంత్రం మళ్ళీ మజ్జిగలో. గిన్నెలోని మజ్జిగ ఒక్క చుక్క పారబోయకుండా అంతా కాయలే పీల్చుకునేదాకా అలా చేశాను. బాగా పెట్టిన మిరపకాయకు అదే గుర్తు. పారబోస్తే రుచి పారబోసినట్టే. ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను.

గురువారం సాయంత్రం కారెక్కగానే వదిన చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “ఏందిది? కార్ల కూసున్నట్టు లేదు, మిర్చి బజ్జి బండి మీద కూసున్నట్టుంది. ఎప్పుడన్న నా మేనేజర్‌ని ఎక్కించుకుంటే ఏం జెప్పాలె, మా ఆడబిడ్డ అత్తరు పూసిందని జెప్పాల్నా?”

అన్నయ్య నవ్వాపుకోలేకపోయాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ పూట పెరుగన్నంలో నాలుగు మిరపకాయలు వేయించి పెడితే అన్నయ్య కళ్ళు మూసుకుని తిన్నాడు. “ఇదీ తిండంటే,” అన్నాడు. వదిన లేచి వెళ్ళిపోయింది. ఆ పూట నేను గెలిచాననుకున్నాను. రోజూ నాలుగు. ఒక్కోసారి ఆరు.

మూడు వారాలకు మళ్ళీ క్లినిక్. బీపీ తగ్గలేదు, ఇంకా పెరిగింది.

డాక్టరమ్మ పట్టీ విప్పి ఏం తింటున్నావని అడిగింది. ఇంట్లోనే తింటున్నాను, ప్యాకెట్లన్నీ బంద్ అన్నాడు అన్నయ్య. అయితే ఈ వారం తిన్న ప్రతిదీ కాగితం మీద రాసి రేపు తెమ్మంది. ఇంకో మూడు వారాలే ఉన్నాయని కూడా గుర్తు చేసింది. దారిలో నిచ్చెన సంగతి ఎవరూ ఎత్తలేదు గాని ముగ్గురం దాన్నే మోస్తున్నాం.

ఇంటికి రాగానే నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చెత్తబుట్ట వెతికాను. నేను చూడనప్పుడు వదిన ఆయనకు ఏదో తినిపిస్తోందని నా నమ్మకం. చిప్స్ కవరు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని లేచేసరికి గుమ్మంలో వదిన.

“చెత్తబుట్టల ఏం దేవులాడుతున్నవ్?”

కవరు చేతిలోనే ఉంది.

“నేనే తిన్న. ఇంక రెండున్నయి, కావాలంటే చూపిస్త. బీపీ నాకు లేదు. అడగాలంటే మొకం మీద అడుగు. దొంగ లెక్క బుట్టలు దేవులాడుడెందుకు?”

“ఏమైంది?” అన్నాడు అన్నయ్య లోపల్నుంచి.

“ఏం లేదు. మీ చెల్లె పోలీసుల జేరింది.”

నేను సోఫా మీద కూర్చుని డైరీ తెరిచాను. ఆ ఇంట్లో ఎవరేం తిన్నారో రోజువారీగా నా దగ్గరే ఉంది. వారం మొత్తం శుభ్రంగా కాగితం మీద ఎక్కించాను. ఇడ్లీ, కొబ్బరి చట్నీ. ముద్దపప్పు, బీరకాయ కూర, చారు. పెసరట్టు. ఏ పూటకు ఆ పూట, ఉప్పు ఎన్ని చెంచాలో కూడా పక్కనే రాశాను. ఇది చూస్తే తప్పు నా వంటది కాదని డాక్టరుకే కాదు, అందరికీ తెలుస్తుందనుకున్నాను. తీసుకెళ్ళి టీపాయ్ మీద, వదిన ముందే పెట్టాను.

వదిన కాగితం అందుకుని పైనుంచి కింది దాకా చదివింది. మళ్ళీ మొదటి వరస నుంచి చూసింది.

“మిరపకాయలేవి?”

“అంటే?”

“కార్ల ఎండబెట్టినవ్ గద. ఆవకాయేది? అప్పడాలేవి? పొడులు?”

“అవి నంజుకునేవి కదా వదినా,” అన్నాను. అంతకంటే సహజమైన జవాబు నాకు తోచలేదు. తిన్నవి రాయమంది డాక్టరు. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు తింటాం. నంజుకునేవి ఎవరైనా రాస్తారా?

“అవునే, నంజుకోడం తినడమెట్లా అవుద్ది?” అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచి. ఆయనకూ అదే తోచింది.

వదిన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. వంటగదిలోకి వెళ్ళి ఒక ప్యాకెట్ తెచ్చి కాగితం మీద పెట్టింది. కిలో ఉప్పు ప్యాకెట్. అడుగున రెండు గుప్పెళ్ళు మిగిలి ఉంది.

“నువ్వు వంట పట్టిన రోజు నేనే కొత్తది తెచ్చి పెట్టిన. ఇంతకుముందు ఒక్క కిలో మాకు మూడు నెలలు వచ్చేది. కూరల సగం తగ్గించిన్నంటివి గద. మరి ఇది యాడికి వోయింది?”

నేను ప్యాకెట్ ఎత్తి చూశాను, తేలిగ్గా ఉంది. గిన్నెలో ఒక్క చుక్క మజ్జిగ పారబోయలేదు. అంతా కాయలే పీల్చుకున్నాయి. మజ్జిగలో నేను వేసిన ఉప్పు కాయల్లోకి కాక ఇంకెక్కడికి పోతుంది? మిరపకాయలకు వేసేటప్పుడు చెంచాతో కూడా కొలవలేదు, గుప్పెటతో వేశాను. ఆవకాయలో ఉప్పు, పొడుల్లో ఉప్పు, అప్పడంలో ఉప్పు. కూరలోంచి తీసిందానికి ఎన్నో రెట్లు కంచం అంచున పెట్టాను, రోజుకు రెండు పూటలా, నా చేత్తో. ప్రతి ప్యాకెట్‌నూ తిప్పి వెనక చదివిన దాన్ని, ఆవకాయ సీసా వెనక మాత్రం చూడలేదు. దాని మీద ఏమీ రాసి ఉండదు కదా.

“ప్యాకెట్లు ప్యాకెట్లు అని నా నెత్తి తిన్నవ్,” అంది వదిన. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ నొప్పించింది. “ప్యాకెట్ మీదనన్న ఎంతున్నదో రాస్తరు. నీ మిరపకాయల మీద ఎవలు రాసిన్రు?”

కాగితం తీసుకుని కింద నాలుగు పేర్లు చేర్చాను. మర్నాడు డాక్టరమ్మ ఆ నాలుగు పేర్ల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పై వంటల్ని చదవను కూడా చదవలేదు.

ఆ తర్వాతి మూడు వారాలు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మంచిగా లేరు. వదిన పొద్దున ఒక చిన్న సీసా మూత నిండా ఉప్పు కొలిచి గట్టు మీద పెట్టి, ప్యాకెట్‌ను హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని ఆఫీసుకు తీసుకుపోయేది. ఉప్పు ప్యాకెట్! ఆ మూతతోనే రోజంతా ముగ్గురికీ గడిపాను. నిమ్మకాయ పిండాను, జీలకర్ర వేయించి దంచి చల్లాను, మజ్జిగలో అల్లం, కరివేపాకు నూరి కలిపాను. చప్పదనానికి పులుపు పనికొస్తుంది, కారం పనికిరాదు. కారం ఉప్పును అడుగుతుంది. ఈ ఒక్క సంగతి మాత్రం అప్పుడు నిజంగా నేర్చుకున్నాను.

“ఇద్దరూ కలిసి నాకు గడ్డి పెడుతున్నారు,” అని అన్నయ్య కంచం ముందు కూర్చుని మా ఇద్దర్నీ తిట్టేవాడు. మేం ఎక్కడా కలవలేదు. తన ఉక్రోషానికి ఎవర్నో ఒకర్ని తిట్టాలి కాబట్టి ఇద్దర్నీ కలిపాడు.

మిరపకాయల డబ్బా వదిన తన బీరువా పైన పెట్టేసింది. ఆవకాయ సీసా ఒకరోజు గట్టు మీద కనపడలేదు. మూడోనాడు కడిగిన ఖాళీ సీసా అదే చోట ఉంది. వదిన ఆఫీసులో వాళ్ళందరూ లంచ్‌లో తినేశారట, మస్తుగుందన్నారట. మా ఇంటి ఆవకాయ, నేను నాలుగు కవర్లలో చుట్టి మోసుకొచ్చింది. సీసా మూత తీస్తే గిన్నెలు తోమే సబ్బు నిమ్మవాసన వచ్చింది. దాని గురించి డైరీలో రెండు పేజీలు రాశాను. మళ్ళీ చదువుకుంటే ఇప్పటికీ ఆ కోపం నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

మెడికల్ రోజున వదిన ఆఫీసుకు సెలవు పెట్టింది. ఇద్దరం హాల్లో చెరో మూల కూర్చున్నాం. టీవీ పెట్టలేదు. పదకొండింటికి అన్నయ్య జెబెల్ అలీ నుంచి ఫోన్ చేశాడు. వదిన ఫోన్ ఎత్తి, విని, “ఎంత? మల్ల జెప్పండి,” అంది. తర్వాత ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ, “ఫిట్ అంట. అంచు మీద,” అంది.

నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కొళాయి విప్పుకుని ఏడ్చాను. బయటికి వచ్చేసరికి వదిన వాళ్ళమ్మతో ఫోన్‌లో చెబుతోంది, “నేనే బంద్ చేయించిన మమ్మీ. లేకుంటే ఈపాటికి ఖలాసే.” అది నిజమే. అందుకే నాకు అంత మండింది.

ఉద్యోగం దొరకలేదు. మూడు నెలలూ అయిపోయాయి. నేను సూట్‌కేసు సర్దుకుంటుంటే వదిన బీరువా మీంచి మిరపకాయల డబ్బా దించి తెచ్చి బట్టల మధ్య పెట్టింది. “ఇది నీది. మా ఇంట్ల ఉండొద్దు.”

డబ్బా మీద తెల్ల కాగితం అంటించి ఉంది. ఆఫీసు ప్రింటర్‌లో తీసినట్టుంది, అక్షరాలు చిన్నగా, ప్యాకెట్ వెనక ఉన్నట్టే. పదార్థాలు: ఉప్పు, పచ్చిమిరపకాయలు, మజ్జిగ.

“ఏది ఎక్కువుంటే అది ముందు రాయాల్నట గద,” అంది. “నువ్వే జెప్పినవ్.”

అన్నయ్య అప్పుడే అటుగా వచ్చి, డబ్బా చూసి, మూత మీద చెయ్యి వేశాడు. “ఒక్కటి. మెడికల్ అయిపోయిందిగా.”

“తియ్యి చెయ్యి,” అన్నాను నేను. అదే క్షణాన “చెయ్ తియ్యండి,” అంది వదిన.

అన్నయ్య చెయ్యి తీసేశాడు. వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను డబ్బాను చీరల అడుగుకు తోసి జిప్పు లాగేశాను.